ఇంట్లో లోహపు మెరుపు: ఎక్కడ, ఎంత, ఎవరి చేతుల మీదుగా

తెలుగు ఇళ్లకు లోహపు మెరుపు కొత్తది కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు విరివిగా రాకముందు నీళ్ల బిందె ఇత్తడిది, తాగే చెంబు రాగిది, అన్నం తినే కంచం స్తోమతును బట్టి కంచుదో వెండిదో అయి ఉండేది. ఆ సామాను తళతళ అలంకారం కోసం ఎవరూ ప్రత్యేకంగా తెచ్చిపెట్టుకున్నది కాదు, రోజూ చింతపండూ బూడిదా పెట్టి తోమడం వల్ల దానంతట అది వచ్చినది. తోమే శ్రమ తక్కువైన స్టీలు, ఎత్తడానికి తేలికైన అల్యూమినియం వంటింట్లోకి చేరిన తరువాత ఆ పాత సామానులో కొంత అటకెక్కింది, కొంత తూకానికి వెళ్లి దుకాణం నుంచి స్టీలు గిన్నెలుగా మారి తిరిగి వచ్చింది. ఇప్పుడు అదే గంగాళం నీళ్లూ పూలరేకులూ నింపుకొని అపార్ట్‌మెంటు హాల్లోనూ, అదే బిందె ఎండుపూల కాడలతో సోఫా పక్కనా దర్శనమిస్తున్నాయి. వాడుక వస్తువు అలంకార వస్తువుగా మారినప్పుడు దానిని తోమవలసిన సందర్భం పోతుంది, మెరవవలసిన అవసరం మాత్రం మిగులుతుంది. గృహాలంకరణలో లోహాన్ని గురించి నేడు ఎదురయ్యే చిక్కులలో చాలా భాగం ఈ ఒక్క మార్పు నుంచి పుట్టుకొచ్చినవే.

మెరుపు అనేది వస్తువులో ఉండే గుణంగా కనిపించినా, నిజానికి అది వస్తువు ఉపరితలానికీ దానిపై పడే వెలుతురుకూ మధ్య జరిగే వ్యవహారం. సున్నం వేసిన గోడ మీద పడిన కాంతి నలుదిక్కులకూ చెదిరిపోతుంది కనుక గోడ ఎటునుంచి చూసినా ఒకేలా ఉంటుంది. నునుపు చేసిన లోహం మాత్రం కాంతిని చెదరనీయకుండా పడిన కోణంలోనే ఎదురు దిక్కుకు తిప్పి పంపుతుంది కనుక, చూసేవారు ఒక అడుగు అటు జరిగినా ఇటు జరిగినా ఆ తళుకు వారితోపాటు కదులుతుంది. వెండి కంటికి కనిపించే కాంతిలో దాదాపు 95 శాతాన్ని వెనక్కి పంపుతుంది, అల్యూమినియం సుమారు 90 శాతాన్ని పంపుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు అంతకన్నా చాలా తక్కువగా, అయితే అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా పంపుతుంది కనుక కొంచెం బూడిదరంగు ఛాయతో కనిపిస్తుంది. బంగారం, రాగి నీలికాంతిని తమలో కలుపుకొని పసుపు, ఎరుపు కాంతులను తిరిగి ఇస్తాయి. వాటి వెచ్చని ఛాయకు కారణం ఇదే. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. అందులో జింకు పాలు పెరిగేకొద్దీ రాగి ఎరుపు తగ్గి పసుపు తేరుతుంది. కంచు రాగి, తగరాల మిశ్రమం. గంటలకు వాడే కంచులో తగరం ఐదో వంతు పైచిలుకే ఉంటుంది, అందువల్ల దానికి ఖంగుమనే నాదం వస్తుంది, దానితోపాటు పెళుసుతనమూ వస్తుంది. అలంకారానికి తెచ్చుకున్న పాత కంచు గిన్నె చేయి జారితే సొట్ట పడకుండా పగిలిపోవడానికి కారణం ఈ తగరమే.

కాంతితో జరిగే వ్యవహారం కాబట్టే మెరుపుకు పక్కన మెరవనిది ఉండాలి. ఈ సూత్రాన్ని దక్కనులో పుట్టిన బిద్రీ పని చూపినంత స్పష్టంగా మరే కళా చూపలేదు. బీదరు పట్టణం పేరు మీదుగా ప్రసిద్ధమై, ఆ పట్టణం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉండడం వల్ల హైదరాబాదు నగరానికీ సొంతమైన ఈ పనిలో పాత్ర ఒళ్లంతా నల్లగా ఉంటుంది, దాని మీద పొదిగిన వెండి తీగ మాత్రమే వెలుగుతుంది. ఈ నలుపు పూసిన రంగు కాదు. జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపిన లోహాన్ని మట్టి అచ్చులో పోతపోసి, ఆకురాయితో నునుపు చేసి, చెక్కబోయే గీతలు కంటికి ఆనేందుకు మైలుతుత్తం నీళ్లతో తాత్కాలికంగా నల్లబరుస్తారు. సన్నని ఉలితో తీగెలూ పూలూ చెక్కి, ఆ గాడులలో వెండి తీగనో రేకునో పెట్టి సుత్తితో దిగగొడతారు. మళ్లీ నునుపు పెట్టినప్పుడు ఆ తాత్కాలికపు నలుపు పోయి, తెల్లని లోహంలో తెల్లని వెండి కలిసిపోయి, పడిన శ్రమంతా మాయమైనట్టు కనిపిస్తుంది. ఆ దశలో పాత్రను సన్నగా వేడి చేసి, బీదరు కోటలోని పాత కట్టడాల నుంచి తెచ్చిన మట్టిని నవాసాగరంతో, అంటే అమ్మోనియం క్లోరైడుతో, కలిపి ముద్దచేసి రుద్దుతారు. జింకు మిశ్రమం నల్లబడుతుంది, వెండికి ఏమీ కాదు. చివరన నూనె పట్టిస్తే నలుపు ఇంకా చిక్కనవుతుంది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్న బిద్రీ హుక్కా కుదుళ్లనూ పళ్లేలనూ పరికించి చూస్తే, పొదిగిన వెండి పరిమాణం చాలా పాత్రలలో నలుపు కన్నా తక్కువేనని, చూపు మాత్రం వెండి మీదనే నిలుస్తుందని తెలుస్తుంది. ఇంటి అలంకరణ గురించి రాసిన ఎన్నో పుస్తకాల కన్నా ఒక బిద్రీ సురాహి ఈ విషయంలో ఎక్కువ నేర్పగలదనడం అతిశయోక్తి కాదు.

జపాను రచయిత జునిచిరో తనిజాకి 1933లో నీడలను ప్రశంసిస్తూ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఇదే సంగతిని మరొక దారిలో చెప్పాడు: పాత జపాను ఇళ్లలో బంగారు రేకు అతికించిన తెరలు, లక్క పాత్రలు విద్యుద్దీపాల కాలంలో వెగటుగా కనిపించవచ్చు గానీ, అవి తయారైనది వెలుతురు సరిగా చేరని లోపలి గదుల కోసమని, ఆ చీకటిలో ఉన్న కాస్త వెలుగునూ అవి పోగుచేసి పెట్టేవని ఆయన వాదన. తెలుగునాట మండువా ఇళ్లకూ ఇది వర్తిస్తుంది. వెలుతురు పైనుంచి మండువాలోకి దిగి, చుట్టూ ఉన్న వసారాలకు పలచబడుతూ చేరి, లోపలి గదులలో సగం చీకటిగా మిగిలేది. ఉయ్యాల బల్ల ఇత్తడి గొలుసులు, సింహద్వారం మీది ఇత్తడి బొడిపెలు, దేవుడి గదిలో సెమ్మె ఆ సగం చీకటిలో ఉండేవి కనుక ఒక్క నూనె దీపం వెలిగినా వాటి మీద నాలుగు చోట్ల చుక్కలుగా మెరిసేది. నేటి ఫ్లాటులో గోడలు తెల్లవి, కింద అద్దంలా పాలిష్ చేసిన విట్రిఫైడ్ టైల్స్, పైన ఫాల్స్ సీలింగు నిండా లైట్లు, కప్‌బోర్డులకు నిగనిగలాడే హై గ్లాస్ లామినేటు. అటువంటి గదిలోకి ఇత్తడి సెమ్మెను తెచ్చిపెడితే, అప్పటికే అన్నీ మెరుస్తున్న చోట మెరవడానికి దానికి పని ఉండదు. అందుకే అలంకరణలో తొలి ప్రశ్న ఏ లోహపు వస్తువు కొనాలన్నది కాదు, గదిలో ఇప్పటికే ఉన్న నిగనిగలో దేనిని తగ్గించవచ్చునన్నది. నేలను మార్చలేకపోయినా ఒక నార చాపో, ముతక నూలు జంపకానామో పరచవచ్చు. లోహపు వస్తువు వెనుక గోడకు మాట్ ఫినిష్ రంగు, అంటే మెరుపు లేని రంగు, కొంచెం ముదురు ఛాయలో వేయవచ్చు. ఈ రెండింటికి అయ్యే ఖర్చు ఒక మంచి ఇత్తడి వస్తువు ధర కన్నా సాధారణంగా తక్కువే.

దీపాల సంగతి అంతకన్నా ముఖ్యం, అంతకన్నా చవకైనది కూడా. బల్బు పెట్టె మీద కెల్విన్ అనే కొలతతో ఒక అంకె ఉంటుంది. అది దీపపు కాంతి ఛాయను తెలుపుతుంది. 2700 నుంచి 3000 వరకు ఉన్నది దీపపు వెలుగులాంటి పసుపు ఛాయ, 6500 అంటే మబ్బు పట్టిన పగటిలాంటి నీలి తెలుపు. తెలుగు ఇళ్లలో ఎక్కువగా వాడే ఎల్ఈడీ ట్యూబులు ఈ రెండో రకానివి. నీలికాంతిని మింగేసే రాగి, ఇత్తడి వంటి లోహాలు నీలి తెలుపు వెలుగులో పాలిపోయి పచ్చి ఛాయకు తిరుగుతాయి, పసుపు వెలుగులో వాటి నిండుదనం బయటపడుతుంది. స్టీలూ క్రోమూ వెండీ మాత్రం తెల్లని వెలుగులోనే చురుగ్గా ఉంటాయి. వేలు పోసి కొన్న ఇత్తడి వస్తువు ఇంటికి వచ్చాక దుకాణంలో ఉన్నట్టు లేదన్న ఫిర్యాదుకు చాలాసార్లు ఆ ఒక్క ట్యూబు లైటే కారణం.

అచ్చంగా నునుపైన పలక కన్నా పని ఉన్న ఉపరితలం వెలుతురును ఎక్కువ చోట్ల పట్టుకుంటుంది. హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్లే రహదారిపై జనగామ సమీపాన ఉన్న పెంబర్తి గ్రామపు రేకు పని ఈ కారణం వల్లనే గోడల మీద అంతగా నప్పుతుంది. కాకతీయుల కాలం నుంచి వస్తున్నదిగా చెప్పే ఈ పనిలో పోత ఉండదు. ఇత్తడి రేకును కాల్చి చల్లార్చి మెత్తబరిచి, నమూనా గీసి, లక్కతో చేసిన దిమ్మె మీద బోర్లా అతికించి, వెనుక వైపు నుంచి రకరకాల మొనలున్న ఉలులతో కొడతారు. దెబ్బ తగిలినంత మేర రేకు కింద ఉన్న లక్కలోకి ఒదిగి, ముందు వైపున ఉబ్బుతుంది. తరువాత దిమ్మెను వేడిచేసి రేకును విడదీసి, తిప్పి, ముందు నుంచి కనుబొమలూ ఆభరణాలూ ఆకుల ఈనెలూ తీరుస్తారు. ఆలయాలలో గర్భగుడి తలుపుల తొడుగులు, విగ్రహాల కవచాలు, ఉత్సవ వాహనాల మీది రేకులు ఈ పద్ధతిలో తయారైనవే. నేడు ఇదే చేయి హోటళ్ల లాబీలకు ప్యానెళ్లు, ఇళ్లకు పూజగది తలుపులు, గోడ పలకలు, జ్ఞాపికలు చేస్తున్నది. కొనేవారు గమనించవలసింది వెనుక వైపు: చేతిపని అయితే వెనుక ఉలి గుర్తులు ఒకదానికొకటి పోలిక లేకుండా కనిపిస్తాయి, అచ్చుతో ఒత్తిన యంత్రపు రేకుకు వెనుక కూడా ముందు లాగే శుభ్రంగా, ఒకే లోతుతో ఉంటుంది. అచ్చు రేకు కొనడం తప్పేమీ కాదు గానీ, చేతిపని ధరకు దానిని కొనడం తప్పు.

పోత పనికి శ్రీకాకుళం జిల్లా బుడితి పేరు పొందింది. గుండ్రని కడుపు, ఇరుకు మెడ ఉన్న అక్కడి ఇత్తడి, కంచు పాత్రలకు పెద్దగా నగిషీ ఉండదు, గీసిన సన్న గీతలే అలంకారం. నిరాడంబరమైన ఆధునిక గదికి నగిషీ నిండిన వస్తువు కన్నా ఇవే బాగా ఒదుగుతాయి. గోదావరి జిల్లాల్లోని అజ్జరం ఇత్తడి సామానుకు పేరున్న మరో ఊరు. కరీంనగర్ వెండి తీగ పని, అంటే వెంట్రుకలాంటి వెండి తీగను మెలితిప్పి, చుట్టలు చుట్టి, చట్రంలో అతికి జాలీగా అల్లే పని, ఇల్లంతా పరిచేది కాదు. ఒక పన్నీరుబుడ్డి, ఒక పళ్లెం, ఒక నెమలి చాలు, అదీ అద్దపు పెట్టెలో.

ఆధునిక లోహాల దారి వేరు. 1925 ప్రాంతంలో జర్మనీలోని బౌహౌస్ విద్యాలయంలో మార్సెల్ బ్రాయర్ సైకిలు హ్యాండిలును చూసి వంచిన ఉక్కు గొట్టంతో కుర్చీ చేసినప్పుడు, ఇంట్లో లోహం సంపదకు గుర్తుగా కాక యంత్రయుగపు శుభ్రతకు గుర్తుగా ప్రవేశించింది. నికెలు పూత, ఆ వెంట క్రోమియం పూత దానికి తోడయ్యాయి. నేడు మార్కెట్లో కనిపించే గోల్డ్, రోజ్ గోల్డ్ కప్‌బోర్డు హ్యాండిళ్లు, సోఫా కాళ్లు, గోడ ప్యానెళ్ల మధ్య దించే టీ ప్రొఫైళ్లలో చాలా వాటిలో బంగారం గానీ ఇత్తడి గానీ ఉండదు. వాటిలో మేలైన రకం పీవీడీ అనే పద్ధతిలో తయారవుతుంది: గాలి తీసేసిన గదిలో టైటానియం వంటి లోహాన్ని ఆవిరి చేసి నైట్రోజన్‌తో కలిపితే, అది స్టీలు మీద అతి పలుచని, ఎంతో గట్టి పొరగా పేరుకుంటుంది, ఆ టైటానియం నైట్రైడు సహజంగానే బంగారు వన్నెలో ఉంటుంది. దానికి చిలుము పట్టదు, తోమనక్కరలేదు. చవక రకంలో రంగు వేసిన పూత మాత్రమే ఉంటుంది, చేయి తగిలే చోట ఏడాది రెండేళ్లలో అది తెల్లబడుతుంది. పీవీడీ వస్తువుకు పాత ఇత్తడికి వచ్చే నిండు వన్నె ఎన్నటికీ రాదన్న మాట నిజమే అయినా, రోజుకు వందసార్లు చేయి తగిలే వంటింటి డ్రాయరుకు ఇత్తడి హ్యాండిలు పెట్టి దానిని తోమమని పనిమనిషికి పురమాయించడం కన్నా అదే న్యాయం.

అద్దాన్ని కూడా ఈ లెక్కలోనే చూడాలి, ఎందుకంటే అద్దంలో మెరిసేది గాజు కాదు, వెనుక ఉన్న లోహపు పొర. ఒకప్పుడు తగరం, పాదరసం కలిపి ఆ పొర వేసేవారు, ఆ పనివారు పాదరసపు విషానికి లోనయ్యేవారు. 1835లో జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ వెండి లవణం నుంచి పలుచని వెండి పొరను గాజు మీద దించే మార్గం కనుక్కున్న తరువాత అద్దం క్రమంగా సామాన్యుల ఇంటికి చేరింది. అద్దం పెట్టేటప్పుడు గోడ కొలత చూడడం కన్నా, అందులో ఏమి కనిపిస్తుందో చూడడం అవసరం: కిటికీకి ఎదురుగా ఉన్న అద్దం చెట్టును రెండు చేస్తుంది, షూ రాక్‌కు ఎదురుగా ఉన్నది చెప్పులను రెండు చేస్తుంది. పడమటి కిటికీకి నేరుగా ఎదురైతే సాయంత్రపు ఎండ కళ్లలో కొడుతుంది. పెద్ద అద్దం అక్కరలేదనుకున్నవారికి లంబాడీ అద్దాల కుట్టుతో చేసిన దిండు గలీబులు ఉన్నాయి. ముదురు ఎరుపు, నీలం గుడ్డ మీద వేలిగోరంత అద్దం ముక్కలు బిద్రీలోని వెండి చేసే పనినే చేస్తాయి.

ఒకే గదిలో రెండు మూడు లోహాలు కలపకూడదన్న నియమం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, తెలుగు పూజగది దానిని ఏనాడూ పాటించలేదు: రాగి చెంబు, ఇత్తడి గంట, వెండి కుందులు, పంచలోహ విగ్రహం ఒకే పీట మీద ఉంటాయి, ఎవరి కంటికీ ఎబ్బెట్టుగా అనిపించవు. అవి కలిసిపోవడానికి కారణం పరిమాణాల తేడా, ఒకటి పెద్దదై తక్కినవి దాని చుట్టూ చిన్నవి కావడం. చిక్కు వచ్చేది సమానమైన పరిమాణంలో రెండు వన్నెలు పోటీ పడినప్పుడు. ఉదాహరణకు భోజనాల బల్లపైన పెద్ద ఇత్తడి దీపం, దాని కింద క్రోము కాళ్ల కుర్చీలు.

కొనుగోలు దగ్గర అయస్కాంతం అక్కరకు వస్తుంది. ఇత్తడి, రాగి, కంచు దానికి అంటుకోవు. అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే. అంటుకోకపోతే ఇత్తడేనని మాత్రం చెప్పలేము, ఎందుకంటే అల్యూమినియమూ, జింకుతో పోసి పైన పూత వేసిన రకమూ అంటుకోవు; అక్కడ బరువు సాయపడుతుంది. ఒకే పరిమాణంలో ఇత్తడి అల్యూమినియం కన్నా మూడు రెట్లకు మించి బరువు తూగుతుంది. పాత వస్తువులు కొనేవారికి మరొక జాగ్రత్త ఉంది: వందేళ్లు దాటిన కళాఖండాలు 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం పరిధిలోకి వస్తాయి కనుక, పాత దేవతా విగ్రహం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా హాలులో బొమ్మగా పెట్టుకోవడం మంచిది కాదు.

ఇక తోమే సంగతి. ఇత్తడి, రాగి గాలికి మసకబారి, తేమకు చిలుము, అంటే పచ్చని రాగి లవణం, పడతాయి. వెండి గాలిలోని గంధకపు వాయువుల వల్ల నల్లబడుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి, రాగి మీది పొరను కరిగిస్తుంది. ఎక్కువసేపు ఉంచితే ఇత్తడి మీద ఎర్రని మచ్చలు పడతాయి కనుక రుద్దిన వెంటనే కడిగి, పొడి గుడ్డతో తుడవాలి, తడి ఆరిపోయేదాకా వదిలితే మర్నాటికే మచ్చ. బిద్రీకి చింతపండు తగలకూడదు, ఆమ్లం దాని నలుపును తినేస్తుంది. మెత్తని గుడ్డా కొద్దిగా కొబ్బరినూనే దానికి చాలు. దుకాణంలో లాకరు పూసి అమ్మే ఇత్తడికి, అంటే గాలి సోకకుండా పారదర్శకమైన పూత వేసినదానికి, పీచు అసలు తగలకూడదు. పూత ఒక చోట గీసుకుపోతే చిలుము ఆ గీతలోంచి లోపలికి పాకుతుంది, అప్పుడు పూతంతా తీయించి మళ్లీ వేయించడమే దారి. తోమడానికి తీరిక లేని ఇంటికి ఆంటిక్ ఫినిష్, అంటే మందుతో ముందే మసకబరిచి గట్లు మాత్రం మెరిపించిన ఇత్తడి, నిజాయితీ గల ఎంపిక. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి క్రోము పూతనూ, మామూలు 304 రకం స్టీలునూ కూడా చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. బాల్కనీ రెయిలింగుకూ, సముద్రం వైపు కిటికీల హ్యాండిళ్లకూ మాలిబ్డినం కలిసిన 316 రకం అడిగి తీసుకోవడం, ఇత్తడి బందులకు ఇనుప మరలు కాక ఇత్తడి మరలే బిగించమని వడ్రంగికి ముందుగానే చెప్పడం అక్కడ అవసరం, లేకపోతే మర చుట్టూ తుప్పు కారి చెక్క మీద చారలు కడుతుంది.